కిరాయాలో బెహన్ హిస్సా

మా ఖాన్‌దాన్‌లో ఒక పెద్దాయన ఇంతేఖాల్ అయ్యాక ఆయన ఇంటి కిరాయా అంతా భాయ్‌జానే వసూలు చేసుకున్నారు. చెల్లెలు అడిగితే జవాబు ఒక్కటే: "టాక్స్ నేనే కడుతున్నా కదా!" అమాయకురాలు, నోరు మూసుకుంది. ఆ టాక్స్ తారీఖ్ ఏమిటో చూద్దామని నాకు అప్పుడే అనిపించింది.

1857 గదర్ ఖర్చుతో అంగ్రేజుల ఖజానా ఖాళీ అయింది. దాన్ని నింపడానికి జేమ్స్ విల్సన్ 1860లో ఇన్‌కమ్ టాక్స్ తెచ్చాడు. అది కొన్నేళ్లకే ఆగి, 1886లో మళ్లీ వచ్చి పాతుకుపోయింది. మనకు కావలసిన ముచ్చట 1922 చట్టంలో ఉంది. ఇంటి రాబడి సంగతి చెప్పే 9వ సెక్షన్‌లో ఒక చిన్న మాట: ఇంటికి మాలిక్‌లు ఇద్దరు ముగ్గురు ఉండి, ఎవరి హిస్సా ఎంతో పక్కాగా తెలిస్తే, అందర్నీ ఒక జమాత్‌గా కట్టి టాక్స్ వేయకూడదు. ఎవరి హిస్సా వాళ్ల లెక్కలోకే పోవాలి.

హిందూ అవిభక్త కుటుంబాన్ని ఈ చట్టం ఒకే మనిషిలా చూస్తుంది. మనకు ఆ పద్ధతి లేదు. మన విరాసత్‌లో బాప్ కన్నుమూసిన క్షణానే వారిస్‌ల హిస్సాలు ఖాయమైపోతాయి. అంటే ఆ చిన్న మాట మన ఇళ్లకు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. 1950 ఏప్రిల్ 1న ఈ చట్టం హైదరాబాద్ రియాసత్‌కూ వచ్చింది. 1961 చట్టంలో అదే మాట 26వ సెక్షన్ అయింది.

హిసాబ్ చూడండి. ఖర్జ్, వసియ్యత్ తీరాక బేవా, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మిగిలారనుకుందాం. మరణించినాయన అమ్మా నాన్నా ముందే పోయారు. కిరాయా నెలకు 40,000. అమ్మీకి ఎనిమిదో వంతు 5,000, కొడుకులకు చెరి 14,000, కూతురికి 7,000.

ఏడాదికి కూతురి వంతు 84,000. మునిసిపల్ టాక్స్ పక్కన పెడదాం. మరమ్మతు చేయించినా, చేయించకపోయినా 30 శాతం తీసేస్తారు. ఒకప్పుడు ఇది ఆరో వంతే ఉండేది. మిగిలేది 58,800. ఆమెకు వేరే ఆమ్దనీ లేకపోతే పైసా టాక్స్ లేదు.

భాయ్‌జాన్ సొంత వంతు మీద లెక్కకొచ్చేది 1,17,600. కిరాయా మొత్తం తన పేరున రాసుకుంటే 3,36,000. అంటే చెల్లెలి పైసల మీద టాక్స్ తానే కట్టి, ఆ కట్టడాన్నే హక్‌కి దలీల్‌గా చూపిస్తున్నారు!

"చెల్లి మాఫ్ చేసింది" అనే మాట కూడా వింటుంటాం. చేతికి ఇవ్వకుండా, ఎంతో చెప్పకుండా మాఫ్ ఏమిటో నాకు అర్థం కాదు.

ఇద్దరు ముగ్గురు మాలిక్‌లున్న ఇంటికి రిటర్న్ ఫారంలో గడులుంటాయి: ఇందులో మీ హిస్సా ఎంత శాతం, మిగతా మాలిక్‌ల పేర్లేమిటి, వాళ్లకెంత? పై లెక్కలో అయితే 12.5, 35, 35, 17.5 రాయాలి. భాయ్‌జాన్ ఫారం ఒకసారి చూశాను. అందులో ఒకే పేరు, 100 శాతం.