కంటెయినర్ ఎలా పుట్టింది?

ప్రొద్దుటూరులో మీ ఇంటి కంప్యూటర్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాం జమ్మలమడుగులోనో పులివెందులలోనో మరో కంప్యూటర్‌లో మొరాయించవచ్చు. అక్కడ పైథాన్ వెర్షన్ వేరు, లైబ్రరీలు వేరు. ప్రోగ్రాంతోపాటు దానికి కావలసిన ఫైళ్లన్నీ ఒకే మూటగా కట్టి పంపితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ఆ మూట పేరు ఇమేజి. దాన్ని నడిపినప్పుడు అది కంటెయినర్.

కంటెయినర్ అంటే చిన్న వర్చువల్ మెషీన్ అని పరీక్షలో రాయకండి. వర్చువల్ మెషీన్ విడి ఇల్లు, దాని కెర్నెల్ దానిదే. కంటెయినర్ అద్దె పోర్షన్ లాంటిది. తలుపు వేరు, కరెంటు సబ్‌మీటరు వేరు, బోరు మోటారు మాత్రం అందరికీ ఒక్కటే. ఆ మోటారే కెర్నెల్. అందుకే మామూలు ల్యాప్‌టాప్‌లోనూ నాలుగైదు కంటెయినర్లు నడుస్తాయి. మోటారు చెడితే మాత్రం అన్ని పోర్షన్లకూ నీళ్లు ఆగిపోతాయి.

ఇక చరిత్ర. 1979లో యూనిక్స్ ఏడవ వెర్షన్ తయారీలో వచ్చిన సీహెచ్‌రూట్, ఒక ప్రోగ్రాంకు కనిపించే ఫైళ్లను ఒక డైరెక్టరీకి పరిమితం చేసింది. 2000లో ఫ్రీబీఎస్‌డీ 'జైల్' ప్రాసెస్‌లను, నెట్‌వర్క్ చిరునామాను కూడా విడదీసింది. లైనక్స్‌లో తలుపుల పని నేమ్‌స్పేస్‌లది. వాటిలో మొదటిది 2002లో వచ్చింది.

సబ్‌మీటరు పనిని 2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ మొదలుపెట్టారు. మొదట దాని పేరు 'ప్రాసెస్ కంటెయినర్లు'. ఆ మాటకు కెర్నెల్‌లో అప్పటికే వేరే అర్థాలు ఉండటంతో 'కంట్రోల్ గ్రూపులు' అని మార్చారు. 2008 జనవరిలో 2.6.24 కెర్నెల్‌లో అది చేరింది. ఎవరెంత మెమరీ వాడాలో నియంత్రించే భాగం ఆ ఏప్రిల్‌లో 2.6.25తో వచ్చింది. దాని ప్రధాన రచయితల్లో ఒకరైన బల్బీర్ సింగ్ అప్పుడు మన పొరుగున బెంగళూరులో, ఐబీఎంలో పనిచేసేవారు. పాఠ్యపుస్తకాలు ఈ పేరును తలచుకోవు, తలచుకోవాలని నా అభిప్రాయం.

2013 మార్చిలో సాలమన్ హైక్స్ డాకర్‌ను లోకానికి చూపించారు. గోడలు అప్పటికే ఉన్నాయి, తొలి డాకర్ ఎల్‌ఎక్స్‌సీ అనే పాత సాధనం మీదే నడిచింది. పొరలు పొరలుగా ఇమేజి కట్టడం, దాన్ని ఒక్క ఆదేశంతో నడపడం అందరికీ సులువు చేసింది డాకరే.

లైనక్స్ కంప్యూటర్ దొరికితే ఒక కంటెయినర్ నడిపి, బయటి టెర్మినల్‌లో ప్రాసెస్‌ల జాబితా తీయండి. లోపల తన సంఖ్య 1 అనుకునే ప్రోగ్రాం, బయట ఏ నాలుగంకెల సంఖ్యతోనో మామూలు ప్రాసెస్‌లా కనిపిస్తుంది. విండోస్‌లో డాకర్ సాధారణంగా ఒక లైనక్స్ వర్చువల్ మెషీన్‌ను చాటున నడుపుతుంది కాబట్టి అక్కడ ఇలా కనిపించదు.