రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం, శంషాబాద్

హైదరాబాద్ మహానగరానికి దక్షిణాన, రంగారెడ్డి జిల్లా శంషాబాద్‌లో ఉన్న విమానాశ్రయం. తెలంగాణతో పాటు నల్లమల అడవులకు అవతల ఆంధ్రప్రదేశ్‌లోని మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు నుంచి విదేశాలకు వెళ్లేవారిలో చాలామంది విమానం ఎక్కేది ఇక్కడే. 2014లో రాష్ట్రం విడిపోయినా ఈ అలవాటు మారలేదు.

మార్కాపురం వైపు నుంచి దారి: మార్కాపురం నుంచి దోర్నాల, శ్రీశైలం, మన్ననూరు, కల్వకుర్తి మీదుగా 765వ జాతీయ రహదారిలో వెళ్తే తుక్కుగూడ దగ్గర బాహ్యవలయ రహదారి తగులుతుంది. నగరంలోకి అడుగుపెట్టకుండానే విమానాశ్రయం చేరుకోవచ్చు. చిక్కల్లా అడవితోనే. పులుల అభయారణ్యం కావడంతో దోర్నాల, మన్ననూరు మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. విదేశీ విమానాలేమో ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయల్దేరతాయి. అందుకే టికెట్ మీది సమయం కంటే ముందు అటవీ చెక్‌పోస్టు సమయం చూసుకోవాలి. రాత్రి ప్రయాణం తప్పనివారు మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా వెళ్తారు. గిద్దలూరు వారికి నంద్యాల, కర్నూలు మీదుగా 44వ జాతీయ రహదారి ఉంది. అది నేరుగా శంషాబాద్‌కే వస్తుంది.

చరిత్ర: అంతకుముందు హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేట. నిజాం కాలంలో, 1930లలో మొదలైన దాని చుట్టూ నగరం అల్లుకుపోయి, పెంచడానికి చోటు లేకపోయింది. శంషాబాద్‌లో 2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 14న సోనియా గాంధీ ప్రారంభించగా, 23 నుంచి రాకపోకలు మొదలయ్యాయి. బేగంపేటలో సాధారణ ప్రయాణికుల విమానాలు అప్పుడే ఆగిపోయాయి. నగరం నుంచి దూరమన్న ఫిర్యాదు, మెహదీపట్నం వైపు నుంచి 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచాక కొంత తగ్గింది.

నిర్మాణం, నిర్వహణ రెండూ జీఎంఆర్ సంస్థవే. దాని వ్యవస్థాపకుడు గ్రంథి మల్లికార్జునరావుది ఉత్తరాంధ్రలోని రాజాం. మొదట జీఎంఆర్‌కు 63 శాతం, మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌కు 11 శాతం, భారత విమానాశ్రయాల సంస్థకూ రాష్ట్ర ప్రభుత్వానికీ చెరి 13 శాతం వాటాలుండేవి. మలేషియా వాటాను తర్వాత జీఎంఆరే కొనుక్కుంది.

విస్తీర్ణం సుమారు 5,500 ఎకరాలు. ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద విమానమైన ఆంటొనోవ్-225 2016 మే నెలలో దిగింది ఇక్కడే. ఏడాదికి 1.2 కోట్ల మంది కోసం కట్టిన టెర్మినల్‌ను తర్వాత 3.4 కోట్ల మందికి సరిపడేలా విస్తరించారు.

పేరు మీద గొడవ మామూలే. బేగంపేటలో దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరుండేది. శంషాబాద్‌లోనూ ఆ పేరే పెట్టాలని 2014లో కేంద్రం నిర్ణయిస్తే, తెలంగాణ శాసనసభ వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది.

మార్కాపురం, గిద్దలూరు వైపు సమీప విమానాశ్రయాలు: మార్కాపురానికి దగ్గర్లోని దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషువారు వేసిన విమాన స్థావరం ఉంది. సుమారు 136 ఎకరాలు. పునరుద్ధరణ మాట తరచూ వినిపిస్తుంది కానీ ప్రయాణికుల విమానాలు లేవు. గిద్దలూరు వైపు వారికి అందుబాటులో ఉన్నది కర్నూలు దగ్గరి ఓర్వకల్లు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట 2021 మార్చిలో ప్రారంభమైన ఆ విమానాశ్రయం నుంచి మొదట బెంగళూరు, విశాఖపట్నం, చెన్నైలకు విమానాలు నడిపారు.