చీటీ లేని రాయి



అరియలూరు అంటే మా రైల్వేవాళ్లకు ముందు గుర్తొచ్చేది 1956 నాటి రైలు ప్రమాదం. దానికి బాధ్యత వహించి లాల్ బహదూర్ శాస్త్రిగారు మంత్రి పదవి వదిలారు. కానీ ఆ చుట్టుపక్కల నేలకు ఇంకా పాత చరిత్ర ఉంది. సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది.

ఆ సముద్రంలో బ్రతికిన జీవి అమ్మోనైట్. చూడ్డానికి నత్తలా ఉంటుంది గాని ఆక్టోపస్‌కు చుట్టం. గుల్ల లోపల వరుసగా గదులు. చివరి గదిలో దాని కాపురం, మిగతావి నీటిలో తేలడానికి. పొట్టేలు కొమ్ములా ఉందని, ఆ కొమ్ములున్న ఈజిప్టు దేవుడు అమ్మోన్ పేరు పెట్టారు. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లతో పాటే ఈ వంశమూ పోయింది.

రాయిగా మారినా చుట్టల అందం పోలేదు. గది గోడలు గుల్లను తాకిన చోట ఆకు అంచుల్లాంటి గీతలు కనిపిస్తాయి. అందుకే వీటిని సేకరించేవాళ్లు లోకమంతా ఉన్నారు. కెనడాలో దొరికే రంగురంగుల అమ్మోనైట్ గుల్లను నగల్లో పొదుగుతారు. మనకూ ఇది కొత్త కాదు. నేపాల్ గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో మనం చక్రమని కొలిచేది చాలావాటిలో అమ్మోనైట్ ముద్రే.

మన తిరుచ్చి, విరుధాచలం, పాండిచ్చేరి ప్రాంతాల శిలాజాలను కే, కన్‌లిఫ్ అనే ఇద్దరు ఇంగ్లీషువారు సేకరించి లండన్ పంపారు. ఫోర్బ్స్ 1846లో వాటి వివరాలు అచ్చువేశాడు. తరువాత బ్లాన్‌ఫోర్డ్ ఈ నేలను కొలిచి ఊటత్తూరు, తిరుచినాపల్లి, అరియలూరు అని మూడు పొరలుగా విడదీశాడు. స్టోలిచ్కా అమ్మోనైట్లను ఒక్కొక్కటిగా వర్ణించాడు. ఆయన 1874లో 36 ఏళ్లకే లడఖ్ దారిలో చనిపోయాడు. సమాధి లేహ్‌లో ఉంది. వీళ్ల పని ఈనాటికీ నిలిచిందంటే కారణం ఒకటే: ఏ రాయి ఏ ఊర్లో, ఏ పొరలో దొరికిందో రాసిపెట్టారు. అమ్మోనైట్ జాతులు త్వరగా మారిపోయేవి. అందుకే ఏ జాతి ఉందో చూసి ఆ పొర వయసు చెప్పవచ్చు.

ఇక మా తప్పు చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ఆదివారం స్నేహితులతో కారై వైపు వెళ్లి, ఒక రాయి తువ్వాలులో చుట్టి తెచ్చుకున్నాము. మొన్న మనవడు, "తాతా, ఇది సరిగ్గా ఎక్కడ దొరికింది?" అన్నాడు. ఏ వాగో, ఏ గట్టో చెప్పలేకపోయాము. పార్శిల్ ఆఫీసులో చీటీ ఊడిన మూట ఎలాంటిదో మాకు తెలుసు. లోపల ఎంత విలువైన సరుకున్నా ఎక్కడిదో, ఎవరిదో చెప్పలేము. మా అలమరలో రాయి కూడా అలాంటిదే. అందం ఉంది, చరిత్ర పోయింది.

మనవాళ్ల ఇళ్లలో ఇలాంటి రాళ్లుంటే, తెచ్చిన పెద్దలు ఉండగానే అడిగి చీటీ రాసిపెట్టండి. కొత్తగా ఏరుకు రాకండి. అరియలూరు దగ్గర వారణవాసిలో శిలాజ మ్యూజియం ఉంది. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి చూపిద్దాం.