ట్రంపెట్ లేని ట్రంపెట్: శాంపిల్ హార్న్స్ వెనక కథ

పాటలో ట్రంపెట్లు, ట్రాంబోన్, శాక్సాఫోన్ కలిసి ఊదే జట్టుని హార్న్ సెక్షన్ అంటాం. "దానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ముందు దీని చరిత్ర చూద్దాం, ఏం వినాలో అదే చెబుతుంది.

అమెరికాలో హ్యారీ చాంబర్లిన్ అనే ఆయన ఒక్కో మీటకి ఒక్కో టేపు పెట్టి ఒక వాయిద్యం చేశాడు. 1962లో ఆయన సేల్స్‌మన్ రెండు యంత్రాలు పట్టుకుని ఇంగ్లండ్ వెళ్ళి, అవి తనవే అన్నట్టు బర్మింగ్‌హామ్‌లో ఒక కంపెనీకి చూపించాడు. మరుసటి ఏడాది మెలోట్రాన్ వచ్చింది! మీట నొక్కితే ఎనిమిది సెకన్లు మోగుతుంది, తర్వాత టేపు అయిపోతుంది. ఊదేవాడి ఊపిరి అయిపోయినట్టే అనుకోండి. బ్రిటన్ సంగీతకారుల యూనియన్‌కి మాత్రం ఇది నవ్వులాట కాలేదు. మా వాళ్ళ పొట్ట కొడుతుందని అభ్యంతరం చెప్పింది.

1979లో సిడ్నీ నుంచి ఫెయిర్‌లైట్ వచ్చింది. టేపు పోయి కంప్యూటర్ వచ్చింది గానీ, ఒక్కో స్వరానికి మెమొరీ 16 కిలోబైట్లే. అంటే దాదాపు ఒక్క సెకను. ఇంకా సాగాలంటే చిన్న ముక్కనే తిప్పి తిప్పి వాయించాలి. హార్న్‌లో ఊపిరి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది కదా, ఆ లూప్‌లో అది గడ్డకట్టిపోయేది.

1998లో గిగాశాంప్లర్ శబ్దాన్ని నేరుగా హార్డ్ డిస్క్ నుంచి చదివింది. మెమొరీ గొడవ తీరింది. కానీ నా దృష్టిలో అసలు మలుపు వియన్నాది. 2000లో అక్కడ మొదలైన వియన్నా సింఫానిక్ లైబ్రరీ వాళ్ళు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఒకే ఊపిరిలో వెళ్ళే ఆ క్షణాన్నే విడిగా రికార్డు చేశారు. అప్పటిదాకా అందరూ స్వరాల్ని పట్టుకున్నారు, మధ్యలోది వదిలేశారు.

కాబట్టి కొనేముందు గిగాబైట్లు లెక్కపెట్టకండి. డెమో పాటలు కూడా నమ్మకండి, రివర్బ్ చాలా లోపాల్ని దాచేస్తుంది. ఒకే స్వరం గబగబా నాలుగుసార్లు నొక్కండి. నాలుగూ అచ్చు ఒకేలా ఉంటే వదిలేయండి. మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పెంచండి. నిజం ట్రంపెట్ గట్టిగా ఊదితే శబ్దం పెరగడమే కాదు, పదునెక్కుతుంది. ఇంకోటి, ముగ్గురు కలిసి ఊదిన శాంపిల్‌తో మూడు స్వరాల కార్డ్ పట్టారా, తొమ్మిది మంది ఊదినట్టవుతుంది! చిన్న జట్టు శబ్దం కావాలంటే ఒక్కో వాయిద్యం విడిగా ఉన్నదే తీసుకోండి. వీలుంటే పై స్వరం మాత్రం ఒక ట్రంపెట్ కళాకారుణ్ణి పిలిచి, డబ్బిచ్చి ఊదించుకోండి.