మొరీషస్ అడవి, చెరకు తోట, మన బాధ్యత

ఉగాదికి మనము వేపపువ్వు కోసం వెదుకుతాము. అమ్మోరు పండుగకు వేపమండలు, గుమ్మానికి మామిడాకులు కావాలి. వేప గాని, మామిడి గాని ఈ దీవిలో పుట్టిన చెట్లు కావు. మన వలెనే సముద్రము దాటి వచ్చినవి. వాటిని ప్రేమతో పెంచుకొన్నాము, మంచిదే. కాని మనము రాకముందే ఇక్కడ ఉన్న చెట్లలో ఎన్నింటి పేర్లు మన పిల్లలకు తెలుసును? బడిలో ఈ ప్రశ్న అడిగితే జవాబు రాదు.

1638లో డచ్చివారు ఇక్కడ స్థిరపడినప్పుడు దీవి అంతా అడవే. నల్లని చేవ గల ఎబెన్ చెట్లను వారు నరికి ఓడలకు ఎక్కించారు. ఈ ఎబెన్ మన ఆంధ్రదేశపు తునికి చెట్టుకు దగ్గర చుట్టము. తరువాత వచ్చిన ఫ్రెంచివారిలో పియేర్ పువావ్ర్ అనే అధికారి ముందుచూపు గలవాడు. అడవి పోతే వాన పోతుందని నమ్మి, ప్రతి భూస్వామి తన భూమిలో నాలుగవ వంతు అడవిగా ఉంచవలెనని 1769లో శాసనము చేయించాడు. 1804లో కొండ పైభాగాలకు, నదుల ఒడ్డులకు మరొక శాసనము వచ్చినది.

శాసనాలు ఉన్నవి, కాని చెరకు వాటికంటె బలమైనది. 1825లో ఇంగ్లండు మన చక్కెరపై సుంకము తగ్గించగానే తోటలు కొండల వరకు ప్రాకినవి. ఆ తోటలలో పని చేయడానికే కోరంగి, విశాఖపట్నము ప్రాంతాల నుండి మన తాతముత్తాతలు వచ్చారు. రాళ్లు ఏరినదీ, చెరకు నాటినదీ వారి చేతులే. లాభము వారిది కాదు, తప్పూ వారిది కాదు. కాని ఆ చరిత్రలో మన చెమట కలిసి ఉన్నది.

1866 నుండి మలేరియా జ్వరము వేలాది మందిని తీసుకొనిపోయినది. అడవి కొట్టినందువల్లనే రోగము వచ్చినదని అప్పుడు చాలామంది తలచారు. దోమ సంగతి తరువాత తెలిసినది. అయినా ఆ భయము, వాన తగ్గుతుందన్న భయము కలిసి ప్రభుత్వముచేత 1880 తరువాత కొండభూములు కొనిపించినవి.

1937లో వాన్, వియే అనే శాస్త్రజ్ఞులు మన అడవి మీద తమ పరిశోధన ప్రకటించారు. 1944లో రక్షిత ప్రదేశాల చట్టము వచ్చినది. ఆ తరువాత కూడా, 1970లలో, ప్రపంచ బ్యాంకు సొమ్ముతో దేశీయమైన అడవిని కొట్టి పైన్ మొక్కలు నాటారు! 1994లో బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయవనము ఏర్పడినది. 2015లో దేశీయ జీవవైవిధ్యము కోసం ప్రత్యేక చట్టము చేశారు. నేడు మంచి స్థితిలో ఉన్న దేశీయ అడవి దీవిలో నూటికి రెండు పాళ్లు కూడా లేదు.

చట్టము గొడ్డలిని ఆపగలదు, కలుపును ఆపలేదు. మనము బకెట్లతో వెళ్లి కోసుకొనే గొయావ్ దె షిన్ పండు ఎంత రుచియో మనకు తెలుసు. కాని ఆ మొక్క దట్టముగా పెరిగి దేశీయ మొలకలను ఊపిరాడనీయదు. కనుక కంచె వేయాలి, చేతితో కలుపు తీయాలి, ఏటేటా తీయాలి. దానికి కూలీ కావాలి, అంటే బడ్జెటులో సొమ్ము కావాలి. ఆ సొమ్ము అడిగేవారు ఉంటేనే వస్తుంది.

బడి ఏమి చేయగలదో రోద్రిగ్ దీవి చూపినది. 1980 ప్రాంతములో ఒక ఉపాధ్యాయుడు అంతరించినదనుకొన్న కఫే మరోన్ మొక్క బొమ్మను తరగతిలో చూపించాడు. ఒక పిల్లవాడు అటువంటి మొక్కను చూపించాడు. అది నిజముగా అదే! లోకములో మిగిలిన ఒకే ఒక్క మొక్క. 1986లో దాని కొమ్మలు లండనులోని క్యూ తోటకు పంపి మొక్కలు పెంచారు.

అందుచేత మన సంఘాలు మూడు కోరికలు ప్రభుత్వము ముందు ఉంచవలెను: కలుపు తీతకు ప్రతి ఏటా నిధులు, నది ఒడ్డు అడవికి కఠినమైన కాపలా, ప్రతి బడిలో దేశీయ మొక్కల పాఠము. మన గుడి ఆవరణలో వేప ప్రక్కన ఒక ఎబెన్ కూడా నాటుదాము. ఆకలితో వచ్చిన మనవారికి ఈ నేల అన్నము పెట్టినది. ఆ ఋణము తీర్చుకొనే వంతు ఇప్పుడు మనది.