రేవు పోషించిన గుడి

కృష్ణపట్నం అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది 2008లో మొదలైన పెద్ద రేవు, బొగ్గు కుప్పలు, లారీలు. అదే ఊళ్లోని సిద్ధేశ్వరస్వామి గుడి 700 ఏళ్ల కిందటే ఒక రేవు రాబడితో దీపధూపాలు నడుపుకున్నదని తెలిసినవాళ్లు తక్కువ. కండలేరు సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ ఊరిని 13వ శతాబ్దపు శాసనాలు కొల్లితురై అన్నాయి, గండగోపాలపట్టణం అనీ అన్నాయి.

గండగోపాలుడన్నది నెల్లూరు తెలుగు చోడుల్లో తిక్కరాజుకున్న బిరుదు. కంచిదాకా పాలించిన రాజాయన. మనుమసిద్ధి అన్న పేరు ఆయన తండ్రికీ ఉంది, కొడుక్కీ ఉంది. తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని అంకితమిచ్చింది ఆ కొడుక్కే. ఈ గుడిలోని శివుణ్ణి శాసనాలు మనుమసిద్ధీశ్వరుడని పిలిచాయి. రాజు పేరు కలిపి దేవుణ్ణి ప్రతిష్ఠించడం అప్పటి ఆనవాయితీ. తంజావూరు పెద్దగుడి అసలు పేరూ రాజరాజేశ్వరమే.

ఇక్కడి శాసనాల్లో తమిళం కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ తీరం అప్పట్లో జయంగొండ చోళమండలంలోని పైయూరు కోట్టం కింద ఉండేది. గుడికట్టు పద్ధతీ దక్షిణాదిదే. గర్భగుడి, దాని ముందు అంతరాళం, ఆపైన మండపం. ఈ ప్రాంతపు పాత గుళ్లలో అధిష్ఠానమనే అడుగు పీఠం నుంచి చూరుదాకా రాతికట్టు, పైన శిఖరం ఇటుకా సున్నం. ఇసుక నేలలో రాయి దొరకదు, ప్రతి రాయీ పడమటి నుంచి బండ్ల మీదనో పడవల మీదనో రావలసిందే. అంత ప్రయాసపడి తెచ్చిన రాయిని గోడకు పేర్చి ఊరుకోలేదు, ఊరి లెక్కలన్నీ దానిమీదే చెక్కించారు.

ఆ లెక్కల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది వర్తకుల ఒప్పందం. పలు దేశాల వర్తక సంఘాలు ఈ రేవులో కూడి, దిగే సరుకు మీదా ఎక్కే సరుకు మీదా కొంత భాగం దేవుడికి ఇవ్వాలని కట్టుబాటు చేసుకున్నాయి. రాజు పేరు గుడికుంది, ఖర్చు మాత్రం బేరసారాల్లోంచి వచ్చింది. ఇంగ్లండులో ఊరి చర్చిలదీ ఇలాంటి చరిత్రే. అక్కడ పీఠముండే తూర్పు భాగం మరమ్మతు గురువు బాధ్యత, జనం నిలిచే నడిమి భాగం ఊరివాళ్ల బాధ్యతగా ఉండేవి. లావెన్‌హామ్‌లో 141 అడుగుల గోపురమున్న చర్చిని ఇప్పటి రూపానికి తెచ్చింది 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దం మొదట్లో ఉన్నిబట్టల వర్తకుల సొమ్ము.

మన గుళ్లలో అప్పట్లో సామాన్యుడు ఇచ్చిన దానం ఎక్కువగా అఖండదీపం. దాత గొర్రెలను ఇచ్చేవాడు, గొల్లవాడు వాటిని మేపుకుంటూ రోజూ కొలత ప్రకారం నెయ్యి తెచ్చి పోసేవాడు. ఒక్క దీపానికి తమిళ చోళ శాసనాల్లో 90, 96 గొర్రెలు కనిపిస్తే, తెలుగు తీరపు శాసనాల్లో 50, 55 కనిపిస్తాయి. మంద ఎప్పటికప్పుడు ఈనుతూ లెక్క తగ్గకుండా ఉంటుంది కనుక సూర్యచంద్రులున్నంతకాలం దీపం వెలుగుతుందన్నది వాళ్ల నమ్మకం. ఆ దానాన్ని చెడగొట్టినవాడికి గంగ ఒడ్డున గోవును చంపిన పాపమని శాసనాలు హెచ్చరించేవి.

రేవులు శాశ్వతం కావు. 1244లో కాకతి గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయమిచ్చిన మోటుపల్లి ఇప్పుడొక పల్లె. ఈ తీరంలోనే దుగరాజపట్నం దగ్గర 1626లో ఇంగ్లీషువాళ్లు ఆర్మగాం కొఠీ పెట్టారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాక కొఠీ అటు తరలిపోయింది. మద్రాసు కోటలో వాళ్లు 1680లో ఆరాధన మొదలుపెట్టిన సెయింట్ మేరీస్ చర్చి నేటికీ నిలిచే ఉంది.

నెల్లూరు జిల్లా శాసనాలను అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. శాసనం నకలు తీసే పని చూడటానికి తేలికే. రాయిని నీళ్లతో కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొడతారు. ఆపైన సిరా అద్దితే గుంటలు తెల్లగా, మిగతాదంతా నల్లగా తేలుతుంది. ఓపికగా చేస్తే ఎంత అరిగిన గోడయినా నాలుగు మాటలు చెబుతుంది. శుభ్రం చేయడానికి యంత్రంతో ఇసుక ధార కొట్టి గీకిన గోడ ఒక్క మాటా చెప్పదు. జీర్ణోద్ధరణ పేరుతో మన ఊళ్లలో ఎన్నో రాళ్లకు ఆ గతి పట్టింది, మరికొన్ని రంగుల కిందా గ్రానైటు పలకల వెనకా చిక్కుకున్నాయి. దాతల భక్తిని నేను శంకించను. గోడమీద చెయ్యి వేసే ముందు శాసనాల శాఖవారిని పిలిపించి నకళ్లు తీయించండి, రాతిని గీకించకండి.