పాత కార్బ్యురేటరు

పాతబడిన మోటారుసైకిలుకు ఎఱ్ఱని తుప్పు పట్టుట అందఱును చూచినదే. దాని కార్బ్యురేటరుకు పట్టునది మాత్రము సున్నపుపొడి వంటి తెల్లని తుప్పు. ఇందులకు కారణము దాని పుట్టుకయందే కలదు.

తొలినాళ్ళలో గాలిని పెట్రోలు మీదుగా పోనిచ్చి ఆవిరిని ఇంజనుకు అందించెడివారు. పెట్రోలును సన్నని తుంపరగా చిమ్ము పద్ధతిని 1893 ప్రాంతమున జర్మనీలో మైబాఖ్, హంగరీలో బాంకి, చోంకాలు వేర్వేరుగా రూపొందించిరి. ఇంగ్లండులో 1927లో అమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ అను మూడు సంస్థలు కలిసి 'అమల్' అయినవి. 1955 నాటి బండ్లకై అమల్ తెచ్చిన 'మోనోబ్లాక్' రకములో, అంతవఱకు విడిగా బిగించుచుండిన ఫ్లోటు గదియు ప్రధానభాగముతో ఒకే పోతగా కలిసిపోయినది. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలసినదియు ఆ 1955లోనే. మన ప్రాంతపు పాత బుల్లెట్లపై ఈ మోనోబ్లాకులు నేటికిని అచ్చటచ్చట కానవచ్చును.

ఆ పోతలో ముఖ్యలోహము తుత్తునాగము, అనగా జింకు. అచ్చులలో సులభముగ ఒదుగును. కాని ఆమ్లమునకును క్షారమునకును కూడ లొంగిపోవును. ఇత్తడి చెంబును తోమినట్లు దీనిని చింతపండు పులుసులో నానవేసినచో తుప్పుతోపాటు లోహమును కరగును. కాస్టిక్ సోడాయు అట్టిదే. కిరసనాయిలులో నానవేసి, మెత్తని కుంచెతో ఓపికగా తోముటయే మేలు. మూతి వంగినచో గాజుపలకపై సన్నని ఎమరీ కాగితము పఱచి, దానిపై తేలికగా రుద్దవలెను.

ఇక జెట్టు. దానిపై చెక్కిన అంకె అలంకారము కాదు; నిమిషమునకు దానిగుండ పారు ద్రవము ఎన్ని ఘన సెంటీమీటర్లో తెలుపు కొలత. పూడిన రంధ్రమును ఇనుప తీగతో పొడుచుట మన మెకానిక్కుల పాత అలవాటు. రంధ్రము వెడల్పైన మఱుక్షణమే ఆ అంకె అబద్ధమగును. బండి పెట్రోలు త్రాగుట మొదలిడును. సైకిలు పంపుతో గాలి ఊదిన చాలును.

కొందఱు పైభాగమును అద్దమువలె సానపట్టింతురు. నాకది రుచింపదు. ఏ యింజనుకై అమర్చిన కార్బ్యురేటరో తెలుపు సంఖ్య ఆ పోతపైననే ముద్రితమై యుండును. అది అరగినచో మఱల తెలిసికొనుట కష్టము.

2025 నాటికి మన పెట్రోలులో 20 శాతము ఇథనాలు చేరినది. ఇథనాలు తేమను పీల్చును. ఆ తేమ జింకును తినును. కావున బండిని నెలల తరబడి నిలుపువారు పెట్రోలు కుళాయి మూసి, ఫ్లోటు గది ఎండువఱకు ఇంజనును నడిపి, ఆపిమ్మట నిలుపవలెను.